విదేశంలో ఉంటూ విశాఖలో పెట్టుబడి పెట్టడం ఎలా?

విశాఖపట్నం నుంచి అమెరికాకో గల్ఫ్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లి స్థిరపడినవారు, ఓడల మీద పనిచేస్తూ ఏడాదిలో సగానికి పైగా సముద్రం మీదే గడిపేవారు సొంత ఊరిలో డబ్బు పెట్టాలనుకున్నప్పుడు, మధురవాడలో ఫ్లాటు కొనాలా, ఆనందపురం వైపు స్థలం తీసుకోవాలా, మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలా అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. నిజానికి అది తర్వాత తేల్చుకోవలసిన విషయం. పెట్టిన డబ్బును అవసరమైనప్పుడు తిరిగి విదేశానికి తీసుకువెళ్లగలరా లేదా అన్నది మీరు ఏం కొన్నారన్న దానికంటే, ఏ హోదాలో, ఏ ఖాతా నుంచి చెల్లించారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందువల్ల హోదా, ఖాతా, కొనుగోలు, అమ్మకం, తిరిగి తరలింపు అన్న వరుసలోనే మీ పనిని కూడా నడపండి.

ఒక మాట ముందే చెప్పాలి. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి 1961 నాటి చట్టంలోని సెక్షన్ల వరుస మారిపోయింది. అందుకే పన్ను విషయంలో సెక్షన్ల సంఖ్యలు రాయకుండా నియమాన్ని మాత్రమే చెబుతున్నాను.

మొదట మీ హోదాను తేల్చుకోండి

ప్రవాస భారతీయుడు ఎవరన్న ప్రశ్నకు రెండు చట్టాలు రెండు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే 1999 నాటి ఫెమా, మీరు దేశం విడిచి వెళ్లిన ఉద్దేశాన్ని ముఖ్యంగా చూస్తుంది. ఉద్యోగానికో వ్యాపారానికో, లేదా ఎంతకాలమో తెలియకుండా ఉండిపోవడానికో వెళ్లినవారు విమానం ఎక్కిన రోజు నుంచే ఆ చట్టం దృష్టిలో ప్రవాసులు. చదువు కోసం వెళ్లిన విద్యార్థులను కూడా 2003 నుంచి రిజర్వ్ బ్యాంకు ప్రవాసులుగానే పరిగణిస్తోంది. బ్యాంకు ఖాతాలు, పెట్టుబడులు, స్థలాల కొనుగోలు అన్నీ ఈ చట్టం కిందికే వస్తాయి.

ఆదాయపు పన్ను చట్టం మాత్రం రోజులు లెక్కపెడుతుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ ఇక్కడ ఉంటే మీరు నివాసి. సెలవుల మీద ఊరికి వచ్చే భారతీయ పౌరుడికి, భారత సంతతి వ్యక్తికి ఇక్కడి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటితే ఈ హద్దు 120 రోజులకు తగ్గుతుంది. అయితే ఆ ఏడాదిలో 120 రోజులతో పాటు అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. దుబాయ్ వంటి చోట ఉంటూ ఏ దేశంలోనూ వ్యక్తిగత ఆదాయపు పన్ను పరిధిలోకి రాని భారతీయ పౌరులు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే, ఒక్క రోజు కూడా దేశంలో అడుగుపెట్టకపోయినా వారిని సాధారణేతర నివాసిగా లెక్కిస్తారు. దాని వల్ల విదేశీ జీతం మీద పన్ను పడదు గాని, రిటర్నులో రాసే హోదా మారుతుంది.

విశాఖలో మర్చంట్ నేవీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి వారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో పనిచేసే భారతీయ నావికుడి విషయంలో, సీడీసీలో, అంటే నావికుడి సేవా పుస్తకంలో, నమోదైన చేరిన తేదీ, దిగిన తేదీల మధ్య కాలాన్ని దేశంలో ఉన్న రోజుల నుంచి మినహాయిస్తారు. విదేశీ ఓడ మీద సంపాదించిన జీతం విశాఖలోని ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (ప్రవాసులు విదేశీ సంపాదనను రూపాయల్లో ఉంచుకునే ఖాతా) జమ అయినంత మాత్రాన దాని మీద ఇక్కడ పన్ను పడదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 ఏప్రిల్‌లో 13వ నంబరు సర్క్యులరులో స్పష్టం చేసింది. అయినా సీడీసీ పేజీల నకళ్లు, కంపెనీ ఒప్పందం, పాస్‌పోర్టు ముద్రలు ఏటా ఒక ఫైలులో దాచుకోవాలి. నోటీసు వచ్చినప్పుడు అధికారి అడిగేది వీటినే.

ఇక మీ దగ్గర అమెరికా పాస్‌పోర్టో బ్రిటన్ పాస్‌పోర్టో ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) లేకుండా ఇక్కడ ఇల్లు కొనే ఆలోచన చేయకండి. తెలుగు మాట్లాడటం, ఇక్కడ పుట్టి ఉండటం చట్టం ముందు సరిపోవు.

రెండో పని: ఖాతాలు సరిచేసుకోండి

విదేశం వెళ్లాక కూడా ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో కాలేజీ రోజుల్లో తెరిచిన పాత పొదుపు ఖాతాను అలాగే వాడుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. అది ఫెమా ఉల్లంఘన. ఆ చట్టం ప్రకారం ఉల్లంఘన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా విధించవచ్చు. బ్యాంకుకు పాస్‌పోర్టు, వీసా లేదా నివాస అనుమతి, విదేశీ చిరునామా రుజువు ఇచ్చి పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవడం ఒక్కసారి చేయవలసిన పని, పెద్ద శ్రమ కూడా కాదు. డీమ్యాట్ ఖాతా, మ్యూచువల్ ఫండ్ కేవైసీ కూడా అప్పుడే మార్పించుకోండి.

ప్రవాసులకు అవసరమయ్యే ఖాతాలు మూడు. విదేశంలో సంపాదించినది ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి రావాలి. అందులోని అసలును, వడ్డీని ఏ పరిమితీ లేకుండా ఎప్పుడైనా వెనక్కి పంపుకోవచ్చు, వడ్డీ మీద ఇక్కడ పన్ను కూడా లేదు. ఇక్కడ పుట్టే ఆదాయం, అంటే అద్దె, డివిడెండు, పింఛను, వారసత్వంగా వచ్చిన సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి వెళ్లాలి. దాని వడ్డీ మీద బ్యాంకు సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను ముందుగానే కోస్తుంది. మూడోది ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్. ఇది డాలర్లు, పౌండ్ల వంటి విదేశీ కరెన్సీలోనే ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ఉంటుంది. రూపాయి విలువ పడిపోతే వచ్చే నష్టం దీనికి అంటదు. రెండు మూడేళ్లలో ఆ డబ్బు మళ్లీ విదేశంలోనే కావలసి వస్తుందని తెలిస్తే, ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కనిపించే ఎక్కువ వడ్డీకి ఆశపడకుండా ఎఫ్‌సీఎన్‌ఆర్‌ను ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎన్‌ఆర్‌ఓకు డబ్బు మార్చడం క్షణాల పని. వెనక్కి మార్చడం అలా కుదరదు. దానికి పన్ను కట్టిన రుజువు కావాలి, ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి వర్తిస్తుంది. అందువల్ల ఏ పెట్టుబడికైనా నేరుగా ఎన్‌ఆర్‌ఈ నుంచే చెల్లించండి. సౌకర్యంగా ఉందని ముందు నాన్నగారి ఖాతాకు పంపి, ఆయన చేత బిల్డరుకు చెక్కు ఇప్పిస్తే, ఆ సొమ్ము విదేశీ మారకంగా వచ్చిందన్న గుర్తు అక్కడితో చెరిగిపోతుంది.

ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఇక్కడి తల్లిదండ్రులనో తోబుట్టువులనో ఉమ్మడిగా చేర్చాలంటే 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో మాత్రమే చేర్చగలరు. మీరు ఉన్నంతకాలం వారు కావాలంటే ప్రతినిధి పత్రంతో (పవర్ ఆఫ్ అటార్నీ) నడపవచ్చు గాని సొంతంగా తీయలేరు. నామినీ పేరు రాయడం మాత్రం మరువకండి.

పాన్ కార్డు మీ దగ్గర ఉండే ఉంటుంది. కాని ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ హోదా ప్రవాసిగా నమోదైందో లేదో చూడండి. ప్రవాసులకు ఆధార్ అనుసంధానం నుంచి మినహాయింపు ఉన్నప్పటికీ, పోర్టల్‌లో నివాసిగానే ఉండిపోయిన వారి పాన్‌లు 2023లో పనిచేయకుండా పోయాయి.

మూడో పని: అనుమతి లేనివాటిని పక్కన పెట్టండి

వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ ఈ మూడింటినీ ప్రవాసులు గాని ఓసీఐ కార్డుదారులు గాని కొనకూడదని ఫెమా కింద వచ్చిన 2019 నిబంధనలు చెబుతున్నాయి. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మేటప్పుడు మాత్రం దేశంలో నివసించే భారతీయ పౌరుడికే అమ్మాలి. అరకు, పాడేరు వైపు కాఫీ తోట కొనాలన్న ముచ్చట విశాఖ ప్రవాసుల్లో తరచు వినిపిస్తుంది. అది రెండు విధాలా చెల్లదు. తోట కాబట్టి ఫెమా ఒప్పుకోదు. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని కఠినం చేసిన 1970 నాటి '1/70' సవరణ గిరిజనేతరులకు భూమి బదిలీని అడ్డుకుంటాయి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే ఆ కొనుగోలు చెల్లదు. స్థానిక గిరిజనుడి పేరున కొని పెడతామని ఎవరైనా చెబితే అది మరింత ప్రమాదం.

పోస్టాఫీసు పొదుపు పథకాలు, జాతీయ పొదుపు పత్రాలు, సుకన్య సమృద్ధి ఖాతా ప్రవాసులకు లేవు. వెళ్లకముందు తెరిచిన పీపీఎఫ్‌ను మాత్రం 15 ఏళ్ల గడువు ముగిసేదాకా కొనసాగించవచ్చు; ఆ తర్వాత పొడిగింపు లేదు. జాతీయ పింఛను పథకంలో చేరడానికి ఆటంకం లేదు.

చీటీల సంగతి చాలామందికి తెలియదు. నమోదైన చిట్‌ఫండ్ కంపెనీల్లో ప్రవాసులు చేరవచ్చని 2015లో రిజర్వ్ బ్యాంకు అనుమతించింది. అయితే వాయిదాలు బ్యాంకు ద్వారానే కట్టాలి, పాడుకున్న సొమ్మును విదేశానికి తీసుకువెళ్లే హక్కు ఉండదు. అపార్టుమెంటులో పెద్దమ్మగారో పక్కింటివారో నడిపే చేతి చీటీలకు ఈ అనుమతి వర్తించదు, చట్టరక్షణ కూడా ఉండదు.

షేర్లు కొనాలంటే, తిరిగి తీసుకువెళ్లే పద్ధతిలో అయితే అధీకృత బ్యాంకు ద్వారా పోర్ట్‌ఫోలియో పెట్టుబడి పథకం కింద ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు ముడిపెట్టి కొనాలి, ఆ అవసరం లేకపోతే ఎన్‌ఆర్‌ఓ మార్గం సులువు. డెలివరీ తీసుకునే కొనుగోళ్లకే అనుమతి ఉంది. పొద్దున కొని సాయంత్రానికి అమ్మే వ్యాపారం ప్రవాసులకు నిషిద్ధం. మ్యూచువల్ ఫండ్లకు ఇంత తతంగం లేదు, ప్రవాస కేవైసీ చాలు. ఈక్విటీ ఫండు యూనిట్లు ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక ఏటా 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. నివాసుల్లా కాకుండా ప్రవాసుల విషయంలో ఫండ్ సంస్థ ఈ పన్నును ముందే కోసి మిగిలినది జమచేస్తుంది. ఇక్కడ వేరే ఆదాయం లేకపోయినా, నివాసుల మాదిరిగా మీ కనీస మినహాయింపు పరిమితిని ఈ లాభాలకు సర్దుబాటు చేసుకునే వీలు మీకు లేదు.

అమెరికాలో ఉండేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం పీఎఫ్ఐసీ అనే వర్గంలో చేర్చి, ప్రత్యేకమైన పద్ధతిలో భారీగా పన్ను వేస్తుంది. సాధారణంగా ఒక్కో ఫండుకూ ఏటా 8621 నంబరు ఫారం నింపవలసి వస్తుంది. అక్కడి సలహాదారు తీసుకునే రుసుముతోనే చిన్న పెట్టుబడుల లాభం ఆవిరైపోతుంది. విదేశీ ఖాతాల నిల్వలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ నివేదిక కూడా తప్పనిసరి. మన ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా, అమెరికాలో అది పన్ను పడే ఆదాయమే. ఈ కారణాల వల్ల అమెరికా నివాసులకు నేరుగా షేర్లు గాని, స్థిరాస్తి గాని ఫండ్ల కంటే తేలికైన మార్గాలని చెప్పవచ్చు.

నాలుగో పని: విశాఖలో ఇల్లు, స్థలం కొనేటప్పుడు

ఫ్లాట్లు, ఇళ్లు, దుకాణాలు, ఇంటి స్థలాలు ప్రవాసులు ఎన్నైనా కొనవచ్చు, దానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి అవసరం లేదు. చిక్కంతా ఇంటి స్థలం అనే మాట దగ్గరే ఉంది. భోగాపురం విమానాశ్రయాన్ని, 2025 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ డేటా సెంటరును చూపించి ఆనందపురం, తగరపువలస, సబ్బవరం వైపు వేసిన లేఅవుట్లలో కొన్నింటికి విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏ ఆమోదం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. రాళ్లు పాతి రోడ్లు వేసినంత మాత్రాన పొలం ఇంటి స్థలం అయిపోదు. ఆ భూమి వ్యవసాయేతర వినియోగానిదన్న రుజువు, లేఅవుట్ ఆమోదం నంబరు లేకుండా దస్తావేజులో మెట్టభూమి అనో సెంట్ల లెక్కలోనో రాస్తే, చట్టం దృష్టిలో మీరు వ్యవసాయ భూమి కొన్న ప్రవాసి అవుతారు. అప్పుడు మోసపోయిన కొనుగోలుదారుగా కాక, నిబంధన మీరిన వ్యక్తిగా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే కింది కాగితాలు తెప్పించుకొని, స్థానికంగా భూవ్యవహారాలు చూసే న్యాయవాది చేత చదివించండి. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), సర్వే నంబరుతో మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1బీ (సాగు, యాజమాన్య వివరాల రెవెన్యూ రికార్డులు), రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూసిన ప్రతి, ఆమోదించిన ప్లాను, అపార్టుమెంటు అయితే ఏపీ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య. విస్తీర్ణం 500 చదరపు మీటర్లు గాని, ఫ్లాట్ల సంఖ్య ఎనిమిది గాని దాటిన ప్రాజెక్టులు రెరాలో నమోదు కావాలి. నమోదైన ప్రాజెక్టులో బిల్డరు ఒప్పందం రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు.

22ఏ జాబితాను నేను ప్రత్యేకంగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. విశాఖ చుట్టుపక్కల ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవస్థానం భూములు జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములతో కలిసిపోయి ఉంటాయి. సింహాచలం దేవస్థానానికి, నివాసులకు మధ్య అడవివరం, వేపగుంట తదితర పంచగ్రామాల్లో దశాబ్దాలుగా నడుస్తున్న వివాదం ఊళ్లో అందరికీ తెలిసినదే. అక్కడ ఇల్లు కళ్లముందు కనిపిస్తుంది, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఉంటాయి, రిజిస్ట్రేషను మాత్రం జరగదు. డి-పట్టా, అంటే అసైన్డ్, భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది, మరుసటి ఏడాది అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి పరిశీలన చేపట్టారు. వేల మైళ్ల దూరంలో ఉండే మనిషి ఇలాంటి భూమి జోలికి ఎంత చవకగా వచ్చినా వెళ్లకూడదు. రుషికొండ, భీమిలి తీరాన స్థలమైతే తీరప్రాంత నియంత్రణ పరిధిలో కట్టడానికి అనుమతి వస్తుందో లేదో కూడా విచారించాలి.

డబ్బు చెల్లింపులో ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వకండి. ప్రభుత్వ మార్కెట్ విలువ మేరకు దస్తావేజు రాసి మిగతాది చేతికి ఇమ్మనే అలవాటు ఇక్కడ ఉంది. నివాసి కొనుగోలుదారుకు అది పన్ను సమస్య మాత్రమే. ప్రవాసికి అంతకు మించిన నష్టం, ఎందుకంటే దస్తావేజులో రాయని సొమ్ము విదేశం నుంచి వచ్చిందని ఎప్పటికీ రుజువు చేయలేరు, అమ్మినప్పుడు దాన్ని ఖర్చుగా చూపలేరు, వెనక్కి పంపుకోలేరు. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే అమ్మినవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

ధర 50 లక్షలు, లేదా అంతకు మించితే, అమ్మేవారు నివాసి అయిన పక్షంలో, మీరు ఒక శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు కూడా ప్రవాసి అయితే కోయవలసిన పన్ను చాలా ఎక్కువ; దాని సంగతి అమ్మకం దగ్గర చెబుతాను. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో సాధారణంగా 7.5 శాతం అవుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు మామూలుగా 5 శాతం జీఎస్టీ అదనం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. బ్యాంకు గృహరుణం ప్రవాసులకూ దొరుకుతుంది, వాయిదాలు ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి, లేదా విదేశం నుంచి నేరుగా కట్టవచ్చు.

అమ్మానాన్నల పేరు మీద కొనడం

ఇది మన కుటుంబాల్లో అతి సహజంగా జరిగేది కాబట్టి విడిగా చెబుతున్నాను. కొడుకు డబ్బు పంపుతాడు, తండ్రి తన పేరున రిజిస్టరు చేయించుకుంటాడు, ఎలాగూ రేపు కొడుకుకే కదా అనుకుంటారు. 2016లో సవరించిన బేనామీ లావాదేవీల చట్టంలో భార్య, భర్త, పిల్లల పేరున కొన్నప్పుడు మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో మాత్రం డబ్బు పెట్టినవారి పేరు కూడా దస్తావేజులో ఉమ్మడి యజమానిగా ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. కాబట్టి రెండు మార్గాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. మీ పేరు కూడా చేర్చి కొనండి, లేదా నాన్నగారికి డబ్బు నిజంగానే కానుకగా ఇస్తున్నట్లు ఒక ఉత్తరం రాసి, అది ఇక ఆయన ఆస్తి అని మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. దగ్గరి బంధువులకు ఇచ్చిన కానుక మీద పన్ను లేదు. రెండో మార్గంలో ఆ ఆస్తి ఆయన తదనంతరం వారసులందరికీ చెందుతుందని, మీ ఒక్కరికే కాదని గుర్తుంచుకోండి. మీ సొమ్ముతో, నాన్నగారి పేరున, మీ కోసం పొలం కొనడం మాత్రం ఏ మార్గంలోనూ సరైనది కాదు.

ప్రతినిధి పత్రం

రిజిస్ట్రేషనుకు మీరే రాగలిగితే అంతకంటే మంచిది లేదు. రాలేకపోతే ఒక్క పనికే పరిమితమైన ప్రత్యేక ప్రతినిధి పత్రం రాయండి. ఫలానా సర్వే నంబరులో ఫలానా ఫ్లాటును ఫలానా ధరకు కొనడానికి అని స్పష్టంగా ఉండాలి. సర్వాధికారాలూ ఇచ్చే పత్రం (జీపీఏ) ఎంత నమ్మకస్తుడికైనా ఇవ్వవద్దు. నమ్మకం ఉన్నచోట కూడా, ఆ మనిషి అప్పుల్లో పడినా, అకాలమరణం చెందినా మీ ఆస్తి చిక్కుల్లో పడుతుంది.

పత్రం మీద మీరున్న దేశంలోని భారత కాన్సులేట్‌లో సంతకం చేయండి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో నోటరీ చేయించి అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించినా సరిపోతుంది. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రారు వద్ద స్టాంపు రుసుము కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. చాలామంది కుటుంబసభ్యులు కవరు అందుకొని బీరువాలో దాచి, రిజిస్ట్రేషను రోజు ఉదయం బయటకు తీస్తారు. గడువు దాటిందని అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక సంగతి. జీపీఏ మీదనే ఆస్తి అమ్మినట్లు రాసి ఇచ్చే ఒప్పందాల వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజు లేకుండా జీపీఏతో స్థలం కొనకండి.

అద్దె, రిటర్ను

ఇల్లు అద్దెకిస్తే అద్దె మొత్తం ఎంత చిన్నదైనా అద్దెదారు సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను కోసి, మిగిలినది మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయాలన్నది చట్టం. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో మామూలు అద్దెదారుకు ఈ సంగతి తెలియదు. కోయకపోతే బాధ్యత ఆయనదే కాబట్టి, అద్దె ఒప్పందంలోనే ఈ విషయం రాయడం ఇద్దరికీ క్షేమం. అద్దెలో ఇంటి పన్ను, ఆపై 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోయాకే ఆదాయం లెక్కకు వస్తుంది కాబట్టి, రిటర్ను దాఖలు చేస్తే కోసిన పన్నులో చాలా భాగం వెనక్కి వస్తుంది. అద్దె వంటి క్రమంగా వచ్చే ఆదాయాన్ని పన్ను కట్టాక పది లక్షల డాలర్ల పరిమితితో సంబంధం లేకుండా విదేశానికి పంపుకోవచ్చు.

ఎన్‌ఆర్‌ఓ వడ్డీ విషయంలో మీరున్న దేశంతో ఉన్న పన్ను ఒప్పందాన్ని వాడుకోవచ్చు. అమెరికా నివాసులకు 15 శాతం, యూఏఈ నివాసులకు 12.5 శాతం మాత్రమే గరిష్ఠంగా కోయాలి. దానికి ఆ దేశం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం, ఇన్నాళ్లూ 10ఎఫ్ అని పిలుస్తూ వచ్చిన ఫారం ఏటా బ్యాంకుకు ఇవ్వాలి.

అమ్మకం, తిరిగి తరలింపు

ఆస్తి అమ్మేటప్పుడు ప్రవాసికి ఎదురయ్యే అసలైన ఇబ్బంది పన్ను రేటు కంటే, పన్నును దేని మీద కోస్తారన్నదే. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఆస్తి లాభం మీద దీర్ఘకాలిక పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్నవాటికి ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం ఎంచుకునే వెసులుబాటు నివాసులకే ఇచ్చారు, ప్రవాసులకు ఇవ్వలేదు. ఇక కొనేవారు, మరే ఉత్తర్వూ లేకపోతే, మీ లాభం మీద కాకుండా మొత్తం ధర మీద పన్ను కోయడమే ఆచారంగా ఉంది.

లెక్క వేసి చూడండి. పీఎం పాలెంలో 50 లక్షలకు కొన్న ఫ్లాటును కొన్నేళ్ల తర్వాత 90 లక్షలకు అమ్మారనుకుందాం. లాభం 40 లక్షలు. సెస్సుతో కలిపి 13 శాతం చొప్పున మీరు నిజంగా కట్టవలసిన పన్ను 5.2 లక్షలు. కాని కొనేవారు మొత్తం 90 లక్షల మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి 14.3 శాతం కోస్తే, అది 12.87 లక్షలు అవుతుంది. తేడా 7.67 లక్షలు. ఆ సొమ్ము రిటర్ను వేసి, రిఫండు వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

దీన్ని తప్పించుకోవడానికి, ఒప్పందం రాసుకున్న వెంటనే ఆదాయపు పన్ను శాఖలోని అంతర్జాతీయ పన్నుల విభాగానికి తక్కువ కోత ధ్రువపత్రం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. కొన్నప్పటి దస్తావేజు, చెల్లింపు రుజువులు, ప్రస్తుత ఒప్పందం, గత రిటర్నులు జత చేయాలి. ధ్రువపత్రం రావడానికి వారాలు పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషను తేదీని దానికి తగ్గట్టు పెట్టుకోండి. తొందరపెట్టే కొనుగోలుదారు కంటే ఆగగలిగే కొనుగోలుదారుకు రెండు లక్షలు తక్కువకు అమ్మినా నష్టం లేదు. లాభాన్ని మరొక ఇంట్లో పెట్టినా, ఆరు నెలల్లోపు 50 లక్షల దాకా నిర్దేశిత బాండ్లలో పెట్టినా మినహాయింపు నివాసులకు ఉన్నట్లే మీకూ ఉంది.

అమ్మగా వచ్చిన సొమ్ము వెనక్కి పంపడంలో మళ్లీ కొన్ననాటి కాగితాలే అక్కరకు వస్తాయి. విదేశీ మారకంతోనో ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల నుంచో కొన్న ఇళ్ల విషయంలో, అప్పుడు చెల్లించిన మొత్తం మేరకు నేరుగా తీసుకువెళ్లవచ్చు. నివాస గృహాలైతే రెండింటికే ఈ సౌకర్యం. లాభం, ఎన్‌ఆర్‌ఓ డబ్బుతో కొన్న ఆస్తి, వారసత్వంగా వచ్చిన ఆస్తి సొమ్ము మాత్రం ఎన్‌ఆర్‌ఓలో జమచేసి, ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితిలో పంపాలి. దానికి 15సీఏ, 15సీబీ అన్న పేర్లతో చిరకాలంగా వాడుకలో ఉన్న ప్రకటన, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం కావాలి. బ్యాంకు శాఖలో అందరు ఉద్యోగులకూ ఈ పని తెలియదు. ప్రవాసుల లావాదేవీలు చూసే ప్రత్యేక విభాగం ఉన్న శాఖలోనే ఖాతా పెట్టుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

తిరిగి వచ్చేస్తే

స్థిరపడే ఉద్దేశంతో విశాఖకు తిరిగి వచ్చిన రోజు నుంచే ఫెమా ప్రకారం మీరు నివాసి. బ్యాంకుకు తెలియజేసి ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను నివాస ఖాతాలుగా మార్పించాలి. విదేశీ కరెన్సీ కొంత ఉంచుకోవాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవాలి. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లను గడువు దాకా కొనసాగనిస్తారు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి పన్ను మినహాయింపు ఫెమా హోదాతో ముడిపడి ఉంది కాబట్టి, ఖాతా పేరు మార్చకపోయినా తిరిగి వచ్చిన రోజు నుంచి ఆ వడ్డీ పన్ను పరిధిలోకి వస్తుంది. పదేళ్లకు పైగా బయట ఉన్నవారికి పన్ను చట్టంలో సాధారణంగా రెండు మూడేళ్లు సాధారణేతర నివాసి హోదా దక్కుతుంది. ఆ కాలంలో విదేశీ ఆస్తుల మీద వచ్చే ఆదాయానికి ఇక్కడ పన్ను ఉండదు కాబట్టి, అక్కడి ఖాతాలు మూయడం, పింఛను నిధులు తీసుకోవడం వంటి పనులు ఆ గడువు ముగిసేలోగా పూర్తిచేసుకోండి.